పార్కు బల్ల నుంచి తపాలా బిళ్ల దాకా

చెన్నైలో పట్టుచీరల కోసం టి.నగర్ వెళ్లే తెలుగువాళ్ల కంట పానగల్ పార్కు పడకుండా ఉండదు. కంట పడుతుంది గాని మనసున పట్టదు. ఎదురుగా నల్లి వారి చీరల కొట్టు, ఒక పక్క ఉస్మాన్ రోడ్డు రద్దీ, మరో పక్క పాండీ బజారుకు పోయే దారి, ఇవి చాలవన్నట్టు కొన్నేళ్లుగా మెట్రో రైలు పనులు. ఈ హడావుడి మధ్య చిక్కుకున్న ఆ కాస్త పచ్చదనానికి పేరిచ్చింది ఒక తెలుగు జమీందారు. పానగల్ రాజా అనే పానగంటి రామరాయణింగారు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా పనిచేశారు. టి.నగర్‌లో 'టి' అంటే త్యాగరాయ. ఆయనా మనవాడే, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. చాలామంది అనుకునేట్టు త్యాగరాజస్వామి కాదు.

ఊరు పేరులో లేకపోయినా, త్యాగరాజస్వామి మరో దారిన ఆ పార్కులోకి వచ్చారు. తెరమీద త్యాగయ్యగా కనిపించి జనం చేత దండాలు పెట్టించుకున్న చిత్తూరు నాగయ్య విగ్రహాన్ని అక్కడే పెట్టారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు అదే పార్కులో ఒక కుర్రవాడు రాత్రిళ్లు పడుకునేవాడు. పగలంతా పాట పాడే అవకాశం కోసం కాళ్లరిగేలా తిరగడం, చీకటి పడ్డాక పార్కుకు చేరడం. అక్కడ తలదాచుకోనిచ్చినందుకు కాపలావాడికి నెలకు రెండు రూపాయలు ఇచ్చేవాడని చెబుతారు. ఆ కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు.

తెలుగు సినిమాకు పానగల్ పార్కు ఒక వెయిటింగ్ రూమ్ లాంటిది. మద్రాసు మెయిలెక్కి వచ్చినవాళ్లలో ఎవరికి పిలుపు వస్తుందో, ఎవరు తిరుగు రైలెక్కుతారో అక్కడి చెట్లకే తెలుసు. మల్లాది రామకృష్ణశాస్త్రి లాంటి మహా పండితుడు సాయంకాలం ఇక్కడికి వచ్చి చెట్టు కింద కొలువు తీరితే, చుట్టూ చేరి వినేవాళ్లు ఎంతోమంది. తన ఆకలి రోజుల్లో ఈ పార్కు నీళ్లతో కడుపు నింపుకున్నవారిలో ఆరుద్ర కూడా ఒకరని అంటారు. అందుకే కళ, కష్టం, కీర్తి అన్న మూడు మాటలు ఒకచోట వినపడితే చాలు, మద్రాసు పాతకాపులు ఈ పార్కు దగ్గరే కథ మొదలుపెడతారు.

ఆ కథ ఎప్పుడూ ఒకే తీరున నడుస్తుంది. 'కష్టాలు పడ్డాడు కాబట్టే అంతటివాడయ్యాడు.' వినడానికి బాగుంటుంది. పడ్డ కష్టానికి ఫలితం దక్కిందన్న తృప్తి ఇస్తుంది. అయితే ఈ పార్కు చుట్టూ బతికిన నలుగురైదుగురి జీవితాలను కాస్త దగ్గరగా చూస్తే లెక్క అలా తేలదు.

ఘంటసాలతోనే మొదలుపెడదాం. 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ భజనలు పాడేవారు, మృదంగం వాయించేవారు. పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో పిల్లవాడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఇంట చేర్చుకుని పాఠం చెప్పారు. తిండికి మాత్రం మధూకరమే గతి. భుజాన జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. రెండు పూటలకు సరిపడా అన్నం ఒకేసారి తెచ్చుకుని, రాత్రికి మిగిల్చింది చీమల పాలు కాకుండా గుడ్డలో మూటగట్టి గోడ మేకుకు వేలాడదీసేవాడు. గిన్నె కొనుక్కునే స్తోమత లేదు. అది చూసి ఒక పెద్దాయన డబ్బా ఇచ్చారు.

ఈ దృశ్యం దగ్గర అందరికీ గొంతు పూడుకుంటుంది. గోడకు వేలాడే అన్నం మూట నుంచి చూపు తిప్పడం కష్టమే. కానీ సంగీతం నేర్పింది ఆ మూట కాదు, పైసా తీసుకోకుండా పాఠం చెప్పిన గురువు. ఆ కాలంలో వారాలు చేసుకుంటూ, మధూకరం ఎత్తుకుంటూ చదువుకున్న పిల్లలు ఊరూరా ఉండేవారు. వాళ్లందరిదీ అదే ఆకలి. అందులో ఘంటసాల అయింది ఒక్కడు. తక్కినవాళ్లలో ఎన్ని గొంతులు సగంలోనే ఆగిపోయాయో చెప్పే పుస్తకం లేదు. గెలిచినవాడి ఆకలినే మనం గుర్తుపెట్టుకుంటాం కాబట్టి ఆకలే గెలిపించినట్టు కనిపిస్తుంది.

మద్రాసులోనూ అంతే. ఆయన్ను నిలబెట్టింది పార్కు బల్ల కాదు, మనుషులు. పాటల రచయిత సముద్రాల రాఘవాచార్య పూనుకుని పరిచయాలు చేయించారు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు అవకాశం ఇచ్చారు. 1945లో బి.ఎన్.రెడ్డి తీసిన 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడే అవకాశం దొరికింది. ఆ సినిమాకు కథానాయకుడు నాగయ్య, సంగీత బాధ్యతల్లోనూ ఆయన చెయ్యి ఉంది. ఆ పాటకు ఘంటసాల చేతిలో పెట్టిన పారితోషికం 116 రూపాయలు. మరుసటి ఏడాది నాగయ్య స్వయంగా తీసిన 'త్యాగయ్య'లో ఘంటసాల చిన్న వేషం కూడా వేశారు.

'స్వర్గసీమ' దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఒక్క సినిమాలో ముగ్గురున్నారు: అప్పటికే ఆకాశంలో ఉన్న నాగయ్య, ఎదుగుతున్న భానుమతి, ఇంకా పేరు తెలియని ఘంటసాల. ముగ్గురిలోనూ ప్రతిభకు కొదవ లేదు. ముగ్గురి జీవితాలూ మూడు దారులు పట్టాయి.

నాగయ్య 1904లో రేపల్లెలో పుట్టారు. చిత్తూరు నాటక సభలో పేరు తెచ్చుకున్నారు గనక ఊరి పేరు ఇంటిపేరైంది. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాల్లోకి వచ్చి, 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' దాటి పోతనగా, త్యాగయ్యగా, వేమనగా నిలిచిపోయారు. నటించడం, పాడడం, బాణీ కట్టడం, దర్శకత్వం, నిర్మాణం అన్నీ తెలిసిన మనిషి. దక్షిణాదిన లక్ష రూపాయల పారితోషికం అందుకున్న తొలితరం నటుడిగా ఆయన పేరు చెబుతారు. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలు కాదు.

ఆ లక్షలు ఎటు పోయాయి? కొంత తిరువయ్యారులో త్యాగరాజస్వామి పేర కట్టించిన సత్రానికి పోయింది. ఎంతో దానధర్మాలకు పోయింది. చేతికి ఎముక లేని మనిషి. అడిగినవాడికల్లా ఇచ్చారు, వచ్చినవాడికల్లా పెట్టారు. మిగిలింది సొంత సినిమాలు మింగాయి. 1953లో 'నా ఇల్లు' తీశారు, చేతులు కాలాయి. ఏళ్ల తరబడి సాగిన 'రామదాసు' 1964లో గాని తెరకెక్కలేదు. అదీ ఆయన్ను ఒడ్డున వేయలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది. బిరుదుతో బియ్యం రావు కదా. చివరి రోజుల్లో వచ్చిన చిన్నా చితకా వేషాలే వేస్తూ, ఒకప్పుడు తనను చూసి లేచి నిలబడ్డ స్టూడియోల్లోనే తన వంతు కోసం ఎదురుచూశారు. 'లవకుశ'లో వాల్మీకిగా ఆయన్ను చూసినవాళ్లకు ఆ ముఖంలో ప్రశాంతతే కనిపిస్తుంది. ఇంటి పరిస్థితి తెలిసినవాళ్లకు అది వేరేలా కనిపించి ఉంటుంది. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

సుమారు ఆరు వారాల తర్వాత, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు కూడా నిండలేదు. మధుమేహం పట్టి పీడించినా, చివరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలు రికార్డు చేశారు. కష్టం కళను పుట్టిస్తుందని నమ్మేవాళ్లకు ఇది మంచి ఉదాహరణగా కనిపిస్తుంది. కాని ఆ గొంతులోని నిండుదనం జబ్బు ఇచ్చింది కాదు. జబ్బు దాన్ని తరిగేస్తుంటే నలభై ఏళ్ల సాధన ఎదురొడ్డి నిలిచింది.

ప్రపంచమంతా ఇలాంటి కథకు విన్సెంట్ వాన్ గో పేరు అడ్డం పెట్టుకుంటుంది. పిచ్చి ముదిరింది కాబట్టే ఆ రంగులు వచ్చాయని ప్రచారం. నిజానికి జబ్బు తిరగబెట్టినప్పుడల్లా ఆయన కుంచె పట్టలేకపోయారు. నెమ్మదించిన మధ్యకాలంలో వేసినవే మనం చూస్తున్న బొమ్మలు. ఇంకో సంగతి అంతగా ప్రచారంలో లేదు. 1890లో వాన్ గో, ఆర్నెల్లకే ఆయన తమ్ముడు తియో చనిపోతే, మిగిలిన బొమ్మల గుట్టను, ఉత్తరాల కట్టలను కాపాడి, ప్రదర్శనలు పెట్టించి, ఉత్తరాలు అచ్చువేయించి ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసింది తమ్ముడి భార్య యో. కీర్తి దానంతటదే రాలేదు, ఒక ఆడమనిషి ఏళ్లపాటు కూర్చుని చేసిన పని అది.

కళకూ మానసిక వేదనకూ లంకె ఉందా అన్న ప్రశ్నను స్వీడన్ పరిశోధకులు లక్షలమంది వైద్య రికార్డులు తిరగేసి పరిశీలించారు. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో సుమారు పన్నెండు లక్షల మంది రోగుల, వారి బంధువుల వివరాలున్నాయి. మొత్తం మీద చూస్తే కళారంగాల్లో ఉన్నవాళ్లకు మానసిక రుగ్మతలు మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ కాదని తేలింది. బైపోలార్ అనే ఒక్క జబ్బు విషయంలో మాత్రం లంకె కనిపించింది. రచయితల సంగతి వేరు, వాళ్లలో పలు జబ్బులు ఎక్కువగానే ఉన్నాయి. అంటే కవులను చూసి మనం ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని గాయకులకూ నటులకూ చిత్రకారులకూ అంటగడుతున్నామన్నమాట.

సరే, కష్టం కళకు తల్లి కాదనుకుందాం. మరి మద్రాసులో ఇంతమంది గొప్పవాళ్లు చివరికి ఎందుకు చితికిపోయారు? మందు, జూదం, మోసం, మంచితనం అని రకరకాల కారణాలు చెబుతారు. అన్నిట్లో కొంత నిజం ఉంది. ఎవరూ పెద్దగా మాట్లాడని కారణం ఒకటుంది. అది ఒట్టి జమాఖర్చుల వ్యవహారం.

ఆ రోజుల్లో నటుడికైనా గాయకుడికైనా కూలి ఒక్కసారే. డబ్బింగ్ థియేటర్ దాటాక ఆ సినిమాతో, ఆ పాటతో సంబంధం తెగిపోయినట్టే. సినిమా వందరోజులు ఆడినా, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ విడుదలై కాసులు రాల్చినా, ఆ కాసులు నెగటివ్ ఎవరి చేతిలో ఉంటే వారివే. పాటల హక్కుల మీద 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా నిర్మాత వైపే మొగ్గింది. పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండ్ లేదు. ముఖం, గొంతు ఉన్నంత కాలమే రాబడి. పేరు వచ్చిన ప్రతివాళ్లకీ అందుకే ఒక ఆలోచన పుట్టేది. ఇన్నాళ్లూ ఎవరి సినిమాలకో చాకిరీ చేశాం, మన పేరు మీద ఒక నెగటివ్ ఉండొద్దా? సొంత సినిమా తీద్దాం.

అక్కడే గండి పడేది. నాగయ్య సంగతి చూశాం. ఘంటసాల 'పరోపకారం', 'సొంతవూరు', 'భక్త రఘునాథ్' అని మూడు తీశారు. పాటలతో సంపాదించిందాన్ని సినిమాలు కరిగించాయి. ఇక సావిత్రి కథ తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు.

సావిత్రికి నాయిక పాత్ర దక్కిన తీరే విచిత్రం. విజయావారి 'మిస్సమ్మ'లో మొదట నాయిక భానుమతి. కొంత షూటింగు కూడా అయింది. పూజ చేసుకుని ఆలస్యంగా సెట్టుకు వచ్చారని నిర్మాత చక్రపాణి క్షమాపణ కోరడం, ఆమె ససేమిరా అనడం, సినిమా వదులుకోవడం చకచకా జరిగిపోయాయి. రెండో నాయికగా ఉన్న సావిత్రిని మొదటి స్థానంలోకి జరిపి, ఆ ఖాళీలోకి జమునను తెచ్చారు. 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్'. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాడని చూపించాల్సి వచ్చినప్పుడు సావిత్రి ఆ చిన్న శరీరంలోకి ఎస్వీ రంగారావు నడక, చూపు, ఆ గర్వం ఎలా తెచ్చిందో ఇవాళ నటన నేర్చుకునే పిల్లలు ఆపి ఆపి చూస్తున్నారు. అది ఏ వేదన నుంచీ రాలేదు. అప్పటికి ఆమెది చిన్న వయసు, జీవితం పచ్చగా ఉన్న రోజులు. కష్టాలన్నీ తర్వాత వచ్చినవే.

1968లో ఆడవాళ్లే పూనుకుని తీసిన 'చిన్నారి పాపలు'కు ఆమె దర్శకత్వం వహించారు. మెచ్చుకున్నారు గాని డబ్బు రాలేదు. తెలుగు 'మూగమనసులు'ను తమిళంలో 'ప్రాప్తం' పేరుతో స్వయంగా తీస్తే 1971లో అదీ బోల్తా కొట్టింది. ఆదాయపు పన్ను బకాయిలు, ఆస్తుల జప్తు, చితికిన సంసారం, వదలని తాగుడు. 1980 మేలో కోమాలోకి వెళ్లి పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న పోయారు. పానగల్ పార్కు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండే హబీబుల్లా రోడ్డులో ఆమె ఇల్లు. నటీనటుల సంఘమైన నడిగర్ సంగం ఉన్నదీ ఆ రోడ్డులోనే.

ఆమెకు బతికుండగా పద్మ పురస్కారం రాలేదు. పోయాక 2011లో తపాలా బిళ్ల వచ్చింది. 2018లో 'మహానటి' సినిమా వచ్చింది. ఆమెగా నటించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. సావిత్రిగా నటించినవాళ్లకు దక్కినది సావిత్రికి దక్కలేదని చాలామంది అన్నారు, అందులో అబద్ధం లేదు. ఆ సినిమా ఒక మేలూ చేసింది. 'దేవదాసు' పేరు కూడా వినని పిల్లలు ఆమె పాత సినిమాలు వెతుక్కుని చూశారు. దాంతోపాటు మరొకటీ జరిగింది. ఆసుపత్రి మంచం మీద ఎముకల గూడులా ఉన్న ఆమె ఫొటో ఫోన్లలో మళ్లీ ఊరేగింది. శశిరేఖ ముఖం పక్కన ఆ ఫొటో పెట్టి 'అయ్యో పాపం' అనిపించడం పత్రికలకూ కొత్తేమీ కాదు. ఈ వ్యాసం కూడా ఆ పాపంలో కొంత పంచుకుంటున్నదే.

ఇప్పుడు భానుమతి దగ్గరికి రావాలి. 'మిస్సమ్మ' పోతే పోయిందని గడప దాటి వెళ్లిన మనిషి. భర్త రామకృష్ణతో కలిసి భరణి సంస్థ పెట్టారు. 'రత్నమాల', 'లైలా మజ్ను' తీశారు. 1953లో 'చండీరాణి'కి తానే దర్శకురాలై తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తీశారు. సొంత స్టూడియో నడిపారు. పాడారు, బాణీలు కట్టారు, 'అత్తగారి కథలు' రాసి ఇంటింటినీ నవ్వించారు. నెగటివ్ తన చేతిలో, సంతకం తన పేరు మీద, మాట తన ఇష్టం మీద. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. 2005 డిసెంబరులో చెన్నైలో, నిండు జీవితం గడిపి వెళ్లారు.

సావిత్రి కంటే భానుమతి ప్రతిభ తక్కువని అనగల ధైర్యం ఎవరికీ లేదు. అయినా భానుమతి మీద 'మహానటి' లాంటి సినిమా రాలేదు. వస్తుందన్న ఆశా పెద్దగా లేదు. ఒకావిడ తెలివిగా బతికి, లెక్కలు సరిచూసుకుని, తనను తక్కువ చేసినవాడిని ఆమడదూరం పెట్టి, మనవలను చూసుకుంటూ పోయిందంటే కన్నీళ్లెక్కడినుంచి వస్తాయి? ప్రేక్షకుడికి కళాకారుడి మీద ఉన్నది గౌరవమే, కాని ఆ గౌరవం కాస్త కన్నీటితో తడిస్తేనే పూర్తిగా బయటపడుతుంది.

చెన్నైలో ఇది తెలుగువాళ్లొక్కరి సంగతే కాదు. ట్రిప్లికేన్‌లో తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1921 సెప్టెంబరులో నలభై ఏళ్లు నిండకుండా చనిపోతే, అంత్యక్రియలకు వెళ్లినవాళ్లు పట్టుమని ఇరవై మంది కూడా లేరంటారు. తర్వాత ఆయన రచనల హక్కులు చేతులు మారాయి. చివరికి 1949లో మద్రాసు ప్రభుత్వమే వాటిని తీసుకుని, ఆ తర్వాత ప్రజలపరం చేసింది. ఇవాళ తమిళనాట ఆయన తలపాగా, మీసం గీయని బడి గోడ ఉండదు.

ఏడ్చేవాళ్లకు కూడా చిక్కకుండా పోయినవాళ్లు మరో రకం. నాగయ్య తొలి సినిమా 'గృహలక్ష్మి'లో ఆయనతో పాటు నటించింది కాంచనమాల. అదే 1938లో 'మాలపిల్ల'తో ఆంధ్రదేశాన్ని ఊపేసింది. ఆమె బొమ్మలు అచ్చేసిన క్యాలెండర్లు ఇళ్లలో వేలాడాయి. 1942లో 'బాలనాగమ్మ' తర్వాత కాంట్రాక్టు గొడవ, భర్త క్షయతో చనిపోవడం, మనసు చెదరడం. ఆపైన దాదాపు నాలుగు దశాబ్దాలు ఆమె ఉన్నారు, కాని లేనట్టే ఉన్నారు. 1963లో 'నర్తనశాల' తీసిన నటి లక్ష్మీరాజ్యం, కెమెరా ముందుకు వస్తే పాత జ్ఞాపకాలు మేలుకుంటాయేమోనన్న ఆశతో, ఆమెను ఒక చిన్న పాత్రలో కూర్చోబెట్టారు. మేలుకోలేదు. 1981 జనవరిలో కాంచనమాల పోయారు, సావిత్రి పోవడానికి పదకొండు నెలల ముందు. ఆ పదకొండు నెలలూ సావిత్రి కోమాలోనే ఉన్నారు.

మల్లాది రామకృష్ణశాస్త్రిది ఇంకో తీరు. 'చిరంజీవులు', 'జయభేరి' పాటలు ఆయన పేరుతో ఉన్నాయి. అంతకు ముందు రాసిన పాటలెన్నో ఇతరుల పేర్లతో వెలువడ్డాయని తెలిసినవాళ్లు చెబుతారు. ఆయనకు దాని మీద దిగులు ఉన్నట్టు కనిపించదు. సాయంత్రం పార్కులో నలుగురు చేరి తన మాట వింటే అదే ఆయనకు సన్మానం. ఆ దారి అందరికీ చెల్లదు.

ఎస్.జానకి మరోలా స్పందించారు. గుంటూరు జిల్లా పల్లె నుంచి వచ్చి, 1957లో మొదలుపెట్టి, దక్షిణాది భాషలన్నిట్లో వేల పాటలు పాడిన గాయని. 2013 జనవరిలో పద్మభూషణ్ ప్రకటిస్తే, ఇంత ఆలస్యంగా ఇచ్చారు, నాకొద్దు అని తోసిపుచ్చారు. దక్షిణాది కళాకారులకు అన్యాయం జరుగుతోందని కుండబద్దలు కొట్టారు. కొందరికి అది అహంకారంగా తోచింది. యాభై అయిదేళ్లు పాడాక ఆ మాత్రం కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకపోతే ఎలా?

ఈలోపు చట్టం కాస్త కదిలింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో, సినిమాకు రాసి ఇచ్చినా పాట వేరే చోట మోగినప్పుడల్లా రచయితకూ స్వరకర్తకూ వాటా రావాలని, ఆ హక్కును రాతకోతలతో కూడా వదులుకోవడం కుదరదని తేల్చారు. గాయకులకూ రాయల్టీ హక్కు దక్కింది. మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం లాంటివాళ్లు దాని వెనక నిలబడ్డారు. బాలు 2020 సెప్టెంబరులో పోయిన తర్వాత పద్మవిభూషణ్ ప్రకటించారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆయన ఉన్న కామ్‌దార్ నగర్ వీధికి తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. నాగయ్య కాలంతో పోలిస్తే ఇది చాలా వేగం. రాయల్టీ సొమ్ము మాత్రం అంత వేగంగా అందడం లేదన్నది గాయకుల మాట.

చివరగా మళ్లీ పార్కు దగ్గరికి. దాని పక్కనుంచి సాగే ఉస్మాన్ రోడ్డులోనే, 35వ నంబరు ఇల్లు ఘంటసాలది. బల్ల మీద పడుకున్న చోటి నుంచి సొంత గేటు దాకా కాలినడకన వెళ్లేంత దూరం. ఆ దూరం నడవడానికి ఆయనకు కొన్నేళ్లు పట్టింది. 1970లో పద్మశ్రీ వచ్చింది, 2003లో తపాలా బిళ్ల వచ్చింది. అంతకంటే ముందే ఆ ఇంట్లో ఒక బాకీ తీరింది. విజయనగరంలో ఉచితంగా పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి కొడుకు సంగీతరావును ఘంటసాల మద్రాసు పిలిపించుకున్నారు. తన ఆవరణలోనే ఇల్లిచ్చారు. తన రికార్డింగులకు హార్మోనియం మీద, సంగీత సహాయకుడిగా ఆయన్నే పెట్టుకున్నారు. ఘంటసాల పోయేదాకా ఆ జోడీ విడిపోలేదు.

ఆ తర్వాత సంగీతరావు వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కట్టారు. పార్కుల్లో పడుకోలేదు, సొంత సినిమాలు తీయలేదు, ఆస్తులు జప్తు కాలేదు, విగ్రహం లేదు. నూరేళ్లు నిండాక 2021లో చెన్నైలో కన్నుమూశారు. ఘంటసాల పాటలు ఇవాళ్టికీ తెల్లవారుజామున రేడియోలో వస్తుంటాయి. గొంతును కాసేపు పక్కన పెట్టి వెనక ఏముందో వింటే, సన్నగా, ఎక్కడా ముందుకు రాకుండా ఒక హార్మోనియం వినపడుతుంది.